సముద్రానికి తూము ఎక్కడ?

మా మేనబావకి మొగల్తూరు పక్కన ఆరెకరాల రొయ్యల చెరువు ఉంది. నాకు భీమవరంలో చిన్న ఆక్వా ల్యాబ్ ఉంది. రైతులు సీసాల్లో చెరువు నీళ్లు తెస్తారు. ఉప్పెంత, పీహెచ్ ఎంత, అమ్మోనియా ఎంత అని చూసి చీటీ రాసిస్తాను. ఇన్నేళ్లూ సముద్రమంటే నాకు కాలవలోంచి చెరువులోకి వచ్చే నీళ్లే తప్ప అంతకు మించి ఆలోచన లేదు.

ఈ ప్రయాణం ఒక వాన వల్ల మొదలైంది. అక్టోబరులో రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. రొయ్యల రైతుకి అంతకంటే టెన్షన్ ఇంకోటి లేదు. వాన నీళ్లు తేలిక, ఉప్పు నీళ్లు బరువు. వాన నీళ్లు వచ్చి పైన కూర్చుంటాయి, కింద ఉప్పు నీళ్లు ఉండిపోతాయి, రెండూ ఓ పట్టాన కలవవు. పైగాలి కిందికి దిగదు. రొయ్యేమో కిందే ఉంటుంది. అందుకని ఏరియేటర్లన్నీ ఆన్ చేసి నీళ్లు కలియబెడతాం, తూము పైపలకలు తీసి పైనీళ్లు బయటికి వదిలేస్తాం. ఆ రాత్రి గట్టు మీద గొడుగేసుకుని నిలబడి పలకలు తీయిస్తూ బావ అడిగాడు.

"ఒరేయ్, చెరువంటే తూముంది. బంగాళాఖాతంలో ఇంత వాన పడుద్ది, గంగ దగ్గర్నుంచి కృష్ణ దాకా అన్నీ వచ్చి అందులోనే పడతాయి. ఆ పైనీళ్లన్నీ ఎటు పోతాయంటావ్? సముద్రానికి తూమెక్కడ?"

అప్పుడు నవ్వేశాను. కానీ ప్రశ్న వదల్లేదు. వెతికితే ఒక సంగతి దొరికింది. గోవాలోని జాతీయ సముద్ర అధ్యయన సంస్థ వాళ్లు 2005 నుంచి మన దేశ తీరం వెంట ఎనిమిది చోట్ల మత్స్యకారుల చేత, ఐదు రోజులకోసారి, మోకాలి లోతు నీళ్లలో దిగి సీసా నింపించారట. ఆ సీసాల్లో ఉప్పు కొలిచి, 2014లో ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి ప్రచురించారు. వానాకాలం అయ్యాక ఉత్తరాన ఉప్పు ఒక్కసారిగా పది పీపీటీకి (కిలో నీళ్లకి పది గ్రాములకి) పైగా పడిపోతుంది, ఆ చప్పదనం తీరాన్ని పట్టుకుని దక్షిణానికి జరుగుతూ రెండున్నర నెలల్లో దేశం కొసకు చేరుతుంది. వెడల్పు ఓ వంద కిలోమీటర్లు. సముద్రంలో నది అన్నారు దాన్ని.

మోకాలి లోతులో దిగి సీసా నింపడం నాకు రోజూ ఉన్న పనే. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ జేబులోనే ఉంటుంది. డిసెంబరు మొదటి వారంలో బావ చెరువులో రొయ్యలు పట్టి అమ్మేసే పని, పట్టుబడి, అయిపోయింది, చేతిలో నాలుగు డబ్బులున్నాయి. కారు ఆయనది, సీసాలు నావి. అక్కకి మాత్రం కన్యాకుమారి దర్శనానికి అని చెప్పాం.

మొదటి రోజు: భీమిలి

తెల్లవారుజామున మూడింటికి భీమిలి ఒడ్డున ఉన్నాం. తెలిసినవాళ్ల ద్వారా ఒక ఫైబర్ బోటు మాట్లాడుకున్నాం. ముగ్గురు అన్నదమ్ములు, వేటకి పోతూ మమ్మల్ని ఎక్కించుకున్నారు. "నీళ్లు పట్టుకోడానికి సముద్రంలోకెందుకు, ఇక్కడ లేవా?" అని చిన్నతమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

నా దగ్గర ఒక నాటు పరికరం ఉంది. చెరువు అడుగు నీళ్లు తీయడానికి చేసుకున్నది. బరువైన సీసాకి కింద సీసపు గుండ్లు కట్టి, మూతిలో బిరడా పెట్టి, బిరడాకి వేరే తాడు. కావాల్సిన లోతుకి దింపాక ఆ తాడు లాగితే బిరడా ఊడి అక్కడి నీళ్లు నిండుతాయి. చెరువులో ఆరడుగులకి దింపేదాన్ని ఇక్కడ పదిహేను బారలకి దింపాలి. బార అంటే చేతులు బారచాపినంత, ఆరడుగులు. రెండుసార్లు బిరడా ముందే ఊడింది. మూడోసారి తాడు చుక్కానికి చిక్కింది. నాలుగోసారి పనయింది.

ముందు పైనీళ్లు చూశాను. ఇరవై ఏడు పీపీటీ. అంటే కిలో నీళ్లలో ఇరవై ఏడు గ్రాముల ఉప్పు. ప్రపంచంలో సముద్రాల సగటు ముప్పై ఐదు. ఇక్కడ ఎనిమిది తక్కువ. థర్మామీటర్ 26.1 డిగ్రీలు చూపించింది.

తర్వాత కిందనుంచి తెచ్చిన సీసా. ఉప్పు ముప్పై మూడు. అది అనుకున్నదే. థర్మామీటర్ ముంచి చూస్తే 27.4.

తప్పు చూశానేమో అని మళ్లీ చూశాను. బావ చేత చూపించాను. సీసా చేత్తో పట్టుకుంటేనే తెలుస్తోంది. కింద నీళ్లు వెచ్చగా ఉన్నాయి, పైనీళ్లు చల్లగా ఉన్నాయి. బోటు వాళ్ల పెద్దన్న ఏమీ ఆశ్చర్యపోలేదు. "చలికాలం వల లాగితే వెచ్చగానే వస్తాది కదండీ" అన్నాడు, బీడీ ముట్టించుకుంటూ.

మామూలుగా ఏ సముద్రంలోనైనా పైన వెచ్చన, కిందికి పోయేకొద్దీ చల్లన. వేడి నీళ్లు తేలిక కదా. చలికాలం ఉత్తరం నుంచి పొడి గాలి వీచి పైనీళ్లు చల్లబడితే అవి బరువెక్కి కిందికి మునగాలి. కానీ ఇక్కడ పైనీళ్లలో ఉప్పు తక్కువ. చల్లబడ్డా మునగవు. మన ఉష్ణమండలపు నీళ్లలో ఒక్క పీపీటీ ఉప్పు తేడా తెచ్చే బరువు, రెండు డిగ్రీల పైచిలుకు వేడి తేడాతో సమానం. ఆరు పీపీటీ తేడా ఉన్నప్పుడు డిగ్రీ పావు చల్లదనం ఏం చేస్తుంది? పైనీళ్లు దుప్పటిలా పడుకుంటాయి, వేసవి వేడి కింద దాక్కుంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉత్తర బంగాళాఖాతంలో ఇది మామూలే. శాస్త్రవేత్తలు ఎప్పుడో కొలిచి పెట్టారు. అయినా నా సీసాలో, నా థర్మామీటర్‌తో చూస్తే ఒళ్లు జలదరించింది.

"మన చెరువే" అన్నాడు బావ. "అచ్చం మన చెరువే."

ఆయన ఒకసారి నాతో వాదించాడు, వాన పడ్డాక చెరువు అడుగున కాలు పెడితే వెచ్చగా ఉంటుందని. నేను నీ భ్రమ అన్నాను. ఆ సంగతి గుర్తుచేసి దారంతా వదల్లేదు.

వాళ్లకి ఆరోజు కానాగంతలు బాగానే పడ్డాయి. ఒక పూట కూరకి మాకూ ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు.

రెండో రోజు: విశాఖ

పొద్దున్నే ఆర్కే బీచ్‌లో దిగి సీసా నింపాను. సెల్ఫీలు తీసుకుంటున్న పిల్లలు నన్ను పోలీసుల మనిషి అనుకున్నారు.

ఆంధ్రా యూనివర్సిటీ ముందు నుంచి వెళ్తుంటే కారు ఆపమన్నాను. లోపలికి పోలేదు, గేటు దగ్గర టీ తాగాం. 1952లో అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ అనే ఆయన ఇక్కడికి పాఠాలు చెప్పడానికి వచ్చాడు. మన నేవీ ఓడల మీద విద్యార్థుల్ని తీసుకెళ్లి, ఇదే తీరంలో లోతు లోతుకీ వేడి కొలిచాడు. వేసవి ముందు నైరుతి గాలి తీరం పక్కగా వీస్తే ఒడ్డు నీళ్లు లోపలికి నెట్టబడి, కింది చల్లని నీళ్లు పైకొస్తాయనీ, శీతాకాలం ముందు దానికి ఎదురు జరుగుతుందనీ రాశాడు. మార్చి నెలలో విశాఖ ఎండకి ఒళ్లు మండుతున్నా నీళ్లలో కాలు పెడితే చల్లగా ఎందుకుంటుందో చెప్పినవాళ్లలో ముందువాడు ఆయనే.

బావకి ఇవేం పట్టలేదు. ఆయన మనసంతా హుద్‌హుద్ తుపాను మీద ఉంది. 2014 అక్టోబరు 12న అది విశాఖ మీద తీరం దాటినప్పుడు ఆయన గాజువాకలో ఫీడ్ డీలర్ల మీటింగుకి వచ్చి ఇరుక్కుపోయాడు. మూడు రోజులు కరెంటు లేదు, నీళ్లు లేవు, ఫోన్లు లేవు. లాడ్జి కిటికీ అద్దం పగిలి మంచం మీద పడింది. ఆ సంగతి కొన్ని వందల సార్లు చెప్పాడు, మళ్లీ చెప్పాడు.

"అది సరే బావా, ఆ తుపానుకి బలం ఎక్కడిదంటావు?"

తుపాను పుట్టాలంటే సముద్రం పైనీళ్లు దాదాపు 26.5 డిగ్రీలు దాటి ఉండాలి. వానాకాలం అయ్యాక బంగాళాఖాతం అంతకంటే వెచ్చగానే ఉంటుంది. వేరే సముద్రాల్లో అయితే తుపాను గాలి నీళ్లని కవ్వంతో చిలికినట్టు చిలికి కిందున్న చల్లటి నీళ్లని పైకి తెస్తుంది. ఆ చల్లదనం తగిలి అదే కాస్త నీరసపడుతుంది. ఇక్కడ అలా కాదు. పైన చప్పటి నీళ్ల పొర, దాని కింద ఉప్పుగానే ఉన్నా ఇంకా వెచ్చగానే ఉన్న పొర, ఆ కింద ఎక్కడో చల్లనివి. ఆ మధ్య పొరని బారియర్ లేయర్ అంటారు, అడ్డుపొర అనుకోండి. ఎంత చిలికినా గాలి పట్టు చల్లటి నీళ్ల దాకా పోవడం కష్టం, పోయినా కొంచెమే. తుపానుకి కావాల్సిన వేడి అందుతూనే ఉంటుంది.

బావ కాసేపు మాట్లాడలేదు. "అంటే ఏరియేటర్లు తిరుగుతున్నా చెరువు కలవట్లేదన్నమాట" అన్నాడు. "అంత పెద్ద ఏరియేటర్‌కే!"

తుపాన్లన్నింటికీ ఇదొక్కటే కారణం కాదు. పైగాలుల తీరు, ఇంకా చాలా ఉంటాయి. ఆ మాట బావకి చెప్పాను, విన్నట్టు లేదు.

మూడో రోజు: ఉప్పాడ, యానాం, అంతర్వేది

ఉప్పాడలో రోడ్డు మీదికి అలలు కొడుతున్నాయి. ఆ ఊరిని సముద్రం కొంచెం కొంచెం కోసుకుపోతూనే ఉంది. రెండు నిమిషాలు ఆగి సీసా నింపి బయల్దేరాం. యానాంలో మధ్యాహ్నం భోజనం. బావ వేరే సీసా కొనుక్కున్నాడు, అది కొలిచేది కాదు.

అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట నీళ్లు తీస్తే తొమ్మిది పీపీటీ. ఇది లెక్కలోకి రాదు. నది నోట్లో నిలబడి సముద్రాన్ని కొలిచినట్టు ఉంటుంది. అయినా అక్కడ చాలాసేపు కూర్చున్నాం. ఎదురుగా ఒక గీత కనిపిస్తుంది. ఇవతల మట్టిరంగు, అవతల ఆకుపచ్చ, మధ్యలో నురగ, గుర్రపుడెక్క ముక్కలు.

ఈ గీతని మనుషుల కంటే ముందు కనిపెట్టింది పులస. సముద్రంలో ఉన్నప్పుడు అది ఇలస, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆషాఢం, శ్రావణాల్లో ఎర్రనీరు సముద్రంలోకి పోటెత్తగానే చప్పదనం వాసన పట్టి ఏటికి ఎదురీదుతుంది. అప్పుడది పులస. అదే చేప, ఉప్పు మారింది, ధర మారింది.

ఏటా గోదావరి నుంచి మూడు వేల టీఎంసీలు వృథాగా సముద్రంలో కలుస్తున్నాయని మన నాయకులు ప్రతి ఎన్నికలప్పుడూ చెబుతారు. సరే. గంగా బ్రహ్మపుత్రల నుంచి ఏడాదికి వచ్చేది వెయ్యి ఘనపు కిలోమీటర్ల పైమాటే. మన లెక్కలో ముప్పై ఐదు వేల టీఎంసీలు. అందులో ఎక్కువ జూలై నుంచి సెప్టెంబరు లోపే వచ్చిపడుతుంది. బర్మా నుంచి ఐరావతి, ఒడిశా నుంచి మహానది, మన గోదావరి, కృష్ణ. ఆ పైన సముద్రం మీద నేరుగా పడే వాన. అరేబియా సముద్రంలో పడే నీటికంటే ఆవిరయ్యేది ఎక్కువ, అందుకే అక్కడ ఉప్పు ముప్పై ఆరు దాటుతుంది. ఇక్కడ ఆవిరయ్యేదానికంటే వచ్చిపడేది ఎక్కువ. ఒకే అక్షాంశాల మీద, మధ్యలో ఒక్క మన దేశం అడ్డుగా ఉన్న రెండు సముద్రాలకి అంత తేడా.

వృథా అనే మాట దగ్గర మాత్రం నాకు పేచీ. ఈ తీపి నీళ్లు పైన పరుచుకోవడం వల్లే వానాకాలంలో కూడా బంగాళాఖాతం ఇరవై ఎనిమిది డిగ్రీలకి పైన ఉంటుంది. అరేబియాలో అదే సమయంలో గాలులు నీళ్లని చిలికి చల్లబరిచేస్తాయి. మనకి వరసగా అల్పపీడనాలు పుట్టేది ఈ వెచ్చటి నీళ్ల మీదే. అవి ఒడిశా మీదుగా లోపలికి పోయి కురిస్తేనే మహానది, గోదావరి నిండుతాయి. ఆ నీళ్లు మళ్లీ సముద్రం మీదికి. ఇందులో ఎక్కడ వృథా ఉందో నాకు కనపడలేదు.

సఖినేటిపల్లిలో గోదావరి దాటించే పంటు ఎక్కి నరసాపురం వైపు దిగాం. మొగల్తూరు పక్కనే కాబట్టి ఆ రాత్రి బావ ఇంట్లోనే. అక్క మమ్మల్ని, ఇసక కొట్టుకున్న కారుని, డిక్కీలో వరసగా ఉన్న సీసాల్ని చూసింది. "కన్యాకుమారి వచ్చేసిందా?" అంది.

నాలుగో రోజు: మంగినపూడి, హంసలదీవి

మచిలీపట్నం దగ్గర మంగినపూడి బీచ్‌లో లెక్క ముప్పై ఒకటి వచ్చింది. భీమిలిలో ఇరవై ఏడు ఉన్నది, దక్షిణానికి మూడు రోజులు వచ్చేసరికి నాలుగు పెరిగిందా? కాస్త సంతోషపడ్డాను కూడా, ఏదో కనిపెట్టినట్టు. అలవాటు కొద్దీ డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి చూస్తే సున్నా చూపించాల్సింది మూడు చూపించింది.

మీటర్ యానాం నుంచి డ్యాష్‌బోర్డు మీద ఎండలో పడి ఉంది. ల్యాబ్‌లో కుర్రాడు ఇలాంటి పని చేస్తే ఎన్ని మాటలు అనేవాడినో. స్క్రూ తిప్పి సున్నాకి తెచ్చి మళ్లీ చూశాను. ఇరవై ఎనిమిది. ఉప్పాడ సీసా కూడా తీసి మళ్లీ కొలిస్తే ఇరవై ఏడే. ఇలాంటి చేతి మీటర్‌తో ఒకటి అటూ ఇటూ ఎలాగూ ఉంటుంది. ఆ రోజు నుంచి మీటర్ నా జేబులోనే.

సాయంత్రానికి హంసలదీవి. కృష్ణ పాయ కలిసే చోటు. గుడి దాటి ఇసకలో నడుస్తుంటే ఒక పెద్దాయన పశువుల్ని తోలుకొస్తూ కలిశాడు. మా సీసాలు చూసి తుపాను వాళ్లు అనుకున్నాడు. ఇక్కడ ఇంకా తుపాను అంటే 1977 నవంబరు 19. ఆయనకి అప్పుడు పదకొండేళ్లు. తాటిచెట్టుకి కట్టేసుకుని బతికాడు. ఇంట్లో మిగిలినవాళ్ల సంగతి చెప్పలేదు, మేము అడగలేదు. దివిసీమలో పదివేల మందికి పైగా పోయారు.

"నీళ్లు వెచ్చగా ఉన్నాయి బాబూ ఆ రాత్రి. నాకు బాగా గుర్తు. అంత గాలికి చలేస్తుంటే నీళ్లు మాత్రం వెచ్చగా ఉన్నాయి" అన్నాడు.

ఆ రాత్రి లాడ్జిలో నేనూ బావా ఏం మాట్లాడుకోలేదు.

ఐదో రోజు: చినగంజాం

చీరాల దాటాక చినగంజాం ఉప్పు మళ్లు. ఈ కాలంలో వాటిలో వాన నీళ్లే. సంక్రాంతి అయ్యాక మడి తొక్కి చదును చేసి పని మొదలెడతారు. కాలవ గట్టున కూర్చున్న ఉప్పు రైతుకి నా మీటర్ చూపించాను. ఆయన పాకలోకి పోయి గాజుగొట్టం ఒకటి తెచ్చాడు. నీళ్లలో వేస్తే నిలువుగా తేలుతుంది, దాని మీద గీతలు. వాళ్లది పీపీటీ కాదు, డిగ్రీ. సముద్రం నీళ్లు మూడు, మూడున్నర డిగ్రీలు ఉంటాయి. ఎండి ఎండి ఇరవై ఐదు దాకా పోతే ఉప్పు గడ్డకడుతుంది.

"ఇప్పుడు సముద్రం నీళ్లు పలచన" అన్నాడు, నేను చెప్పకముందే. "కార్తీకంలో మరీ పలచన. మాఘం నాటికి చిక్కబడతాయి."

ఎక్కడి గంగ నీళ్లో ఇక్కడి దాకా వచ్చి పలచన చేస్తున్నాయని చెబితే ఆయన నమ్మలేదు. "మా వాగు నీళ్లే అయ్యుంటాయి లెండి" అన్నాడు. వాగు నీళ్లు కూడా కొంత ఉంటాయి, వాదించలేదు. నాకు మాత్రం ఒకటి అర్థమైంది. నా చేతిలో ఉన్న మీటర్ చేసేదీ ఆయన గాజుగొట్టం చేసే పనే. అది ఆయన తాతల కాలం నుంచి ఉంది.

రాత్రికి నెల్లూరు. చేపల పులుసు గురించి రాస్తే ఇది వేరే కథనం అయిపోతుంది.

ఆరో రోజు: చెన్నై

దారి పొడవునా వాన. పులికాట్ దగ్గర కొంగల్ని చూద్దామనుకున్నాం, ఏమీ కనపడలేదు. చెన్నైలో మెరీనా ఇసక దాటి నీళ్ల దాకా నడిచేసరికే తడిసి ముద్దయ్యాం. ఇరవై తొమ్మిది.

వానలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని బావకి ఆర్గో తేలుడు పరికరాల గురించి చెప్పాను. మనిషంత పొడవు గొట్టాలు, ప్రపంచ సముద్రాల్లో నాలుగు వేల దాకా తిరుగుతుంటాయి. వెయ్యి మీటర్ల లోతులో కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్లకి దిగి, అక్కణ్నుంచి పైకొస్తూ ఉప్పూ వేడీ కొలిచి, తేలాక ఉపగ్రహానికి పంపుతాయి. మన దేశం తరఫున ఆ పని చూసేది హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ. సముద్రానికి మూడొందల కిలోమీటర్ల అవతల, ప్రగతినగర్‌లో. హార్బర్లలో ఇవాళ చేపలు ఫలానా వైపు అని బోర్డు మీద వచ్చేది కూడా వాళ్ల దగ్గర్నుంచే.

"అంత ఉండగా పల్లెకారుల చేత సీసాలెందుకు?"

ఆ గొట్టాలు లోతు సముద్రానివి, ఒడ్డుకి రాలేవు. 2009 నుంచి ఉప్పు కొలిచే ఉపగ్రహాలూ ఉన్నాయి, కానీ తీరం దగ్గరికొచ్చేసరికి నేల అడ్డొచ్చి వాటి చూపు మసకబారుతుంది. ఈ చప్పటి నీళ్లు పోయేదేమో సరిగ్గా తీరాన్ని ఆనుకునే. అందుకని మోకాలి లోతు సీసా.

బావ ఆ మాటకి బాగా సంతోషించాడు. తర్వాత ప్రతి ఊళ్లోనూ నీళ్లలోకి ఆయనే దిగాడు.

ఏడో రోజు

కారు ప్రయాణమే. మధురైకి ముందు టైరు పంక్చరు. రాత్రి పదింటికి రామేశ్వరం.

ఎనిమిదో రోజు: ధనుష్కోటి

1964 డిసెంబరు తుపానులో పోయిన ఊరు. రైలు కూడా పోయింది. ఇప్పుడు నేల కొస దాకా తారురోడ్డు ఉంది. కొస మీద నిలబడితే ఎడమ పక్క పాక్ జలసంధి వైపు నీళ్లు, కుడి పక్క మన్నార్ సింధుశాఖ. ఎడమ పక్క చెరువులా ఉంది, కుడి పక్క అలలు. మధ్యలో ఇసక, దాని మీద వేరుశెనగలమ్మేవాళ్లు.

ఇక్కడ ఒక పరీక్ష చేయొచ్చని నాకు ముందు నుంచీ ఆశ. పాక్ జలసంధి వైపు బంగాళాఖాతానికి తెరుచుకుని ఉంటుంది, చలికాలం అక్కడి చప్పటి నీళ్లు దాన్లోకి వస్తాయి. మన్నార్ వైపు నీళ్లు హిందూ మహాసముద్రం తాలూకు. బావ ఎడమ పక్క దిగి ఒక సీసా, కుడి పక్క దిగి ఒక సీసా నింపుకొచ్చాడు. ఏది ఏదో నాకు చెప్పొద్దన్నాను. ఒకటి ముప్పై, ఒకటి ముప్పై రెండు.

"ముప్పై ఎడమ పక్కది" అన్నాను.

"అవును" అన్నాడు. పక్కనున్న కుటుంబానికి తెలుగు వచ్చు, అనంతపురం వాళ్లు. మేము ఏం పందెం కాశామో అడిగారు. బావ వాళ్లకి మొదటి రోజు నుంచి మొదలెట్టి మొత్తం చెప్పాడు. నాకంటే బాగా చెప్పాడు. గంగ నీళ్లు తీరం వెంట ఎలా దిగుతాయో చేతులు ఊపుతూ చూపించాడు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ ప్రవాహం దక్షిణానికి, ఫిబ్రవరి నుంచి మే దాకా వెనక్కి ఉత్తరానికి, గాలి మారితే నీళ్లు మారతాయి అన్నాడు. వాళ్ల అమ్మాయి ఇంటర్ చదువుతోంది, వేలితో రెండు పక్కల నీళ్లూ నాలిక మీద వేసుకుని రెండూ ఒకటేలా ఉన్నాయంది. నిజమే, రెండు పీపీటీ తేడా నాలిక్కి తెలియదు.

తొమ్మిదో రోజు: కన్యాకుమారి

పొద్దున్న అమ్మవారి దర్శనం ముందు చేసుకున్నాం. అక్కకి మాట ఇచ్చాం కాబట్టి. వివేకానంద శిల దగ్గరికి లాంచీ క్యూ చూసి వెనక్కి వచ్చేశాం.

మూడు సముద్రాలు మూడు రంగుల్లో కలుస్తాయని అక్కడ ఫొటోలమ్మేవాళ్లు చెబుతారు. మాకు ఒక్క రంగే కనిపించింది. రాళ్ల మధ్య దిగి నింపుకొచ్చిన సీసా ముప్పై మూడు చూపించింది. వేడి 28.2.

భీమిలిలో పైనీళ్లు ఇరవై ఏడు, ఇక్కడ ముప్పై మూడు. దారిలో పక్క నీళ్లతో కలుస్తూ కలుస్తూ వచ్చి చప్పదనం ఇంతే మిగిలింది. ఇంకా రావాల్సింది వెనకాల ఉండొచ్చు. సంక్రాంతికి వచ్చుంటే ఇక్కడ ఇంకొకటి తగ్గేదేమో. ఈ నీళ్లు శ్రీలంక కింద నుంచి తిరిగి లక్షద్వీప్ వైపు పోతాయి. అక్కడ కూడా దుప్పటిలా పరుచుకుంటాయి. వేసవిలో ఆ ఆగ్నేయ అరేబియా నీళ్లు ముప్పై డిగ్రీలు దాటి వేడెక్కుతాయి, నైరుతి ముందు కేరళ దగ్గర పుట్టే తొలి సుడిగాలికి ఆ వేడికీ సంబంధం ఉందంటారు. ఇటునుంచి పోయిన దానికి బదులుగా, నైరుతి కాలంలో అరేబియా నుంచి ఉప్పు నీళ్లు శ్రీలంక దక్షిణంగా ప్రవహించి బంగాళాఖాతంలోకి దూరతాయి. బరువు కాబట్టి పైన తేలవు, చప్పటి పొర కింద చేరతాయి.

"పైపలకలు తీసి పైనీళ్లు వదలడం, కింద నుంచి కొత్త ఉప్పు నీళ్లు పెట్టడం" అన్నాడు బావ. రాతి మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టాడు. "మా తాత ఇదే చేసేవాడు, మా నాన్నా ఇదే చేశాడు."

"దొరికిందా తూము?"

"దొరికింది గానీ, పలకలు తీసేదెవడు?"

గాలి అని చెబుదామనుకున్నాను. ఈలోగా ఆయన ఫోన్ మోగింది. చెరువు దగ్గర కాపలా కుర్రాడు. బంగాళాఖాతంలో అల్పపీడనమట, పొద్దుటి నుంచి మొగల్తూరులో వాన దంచుతోందట. పట్టుబడి అయిన చెరువు ఖాళీయే కానీ, పక్క గుంటలో నెల క్రితం వేసిన రొయ్యపిల్ల ఉంది.

బావ లేచి నిలబడ్డాడు. ఒక చేత్తో పంచె పైకి పట్టుకుని, సముద్రం హోరు మీద గట్టిగా అరుస్తున్నాడు.

"మోటారు తర్వాత వేద్దువుగాని, ముందు తూము కాడికి పో! పైనుంచి రెండు పలకలు తియ్యి. రెండే. మూడోది ముట్టుకోకు!"